అప్‌డేట్: ‘షేమ్‌ఫేస్డ్’లో మొహం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇంగ్లిషులో సిగ్గుతో తలదించుకున్నవాణ్ణి ‘షేమ్‌ఫేస్డ్’ అంటారు కదా, ఇది అచ్చంగా జర్మానిక్ (ఇంగ్లిషు, జర్మన్ లాంటి భాషల కుటుంబం) మాటేనా అని ఇదివరకు అడిగాను. మీ జవాబులు చదివి, నిఘంటువులు తిరగేశాక తేలింది ఇదీ.

‘షేమ్’తో గొడవ లేదు, జర్మన్ ‘షామ్’ దాని చుట్టమే. పేచీ అంతా ‘ఫేస్’తోనే. అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన సరుకు. పాత ఇంగ్లిషులో అసలు మాట ‘షామ్‌ఫాస్ట్’. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు, కదలకుండా బిగిసి ఉండటం. జర్మన్ ‘ఫెస్ట్’ కూడా అదే. ‘స్టెడ్‌ఫాస్ట్’ (చెక్కుచెదరని)లో, ‘ఫాస్ట్ అస్లీప్’ (గాఢనిద్రలో ఉన్న)లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అంటే సిగ్గు కట్టిపడేసిన మనిషన్నమాట. అప్పట్లో అది తిట్టు కాదు, అణకువగలవాడని మెచ్చుకోలే.

16వ శతాబ్దంలో జనం ‘ఫాస్ట్’ను ‘ఫేస్’ చేసేశారు. సిగ్గు కనబడేది మొహంలోనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు! 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2:9లో ‘షేమ్‌ఫాస్ట్‌నెస్’ అని ఉంటే, తర్వాతి ముద్రణల్లో అది ‘షేమ్‌ఫేస్డ్‌నెస్’ అయి కూర్చుంది.

‘బేర్‌ఫేస్డ్’ (సిగ్గూఎగ్గూ లేని) కూడా ఇలాంటిదేనా అని ఒకరు అడిగారు. కాదండీ, అందులో మొహం మొదట్నుంచీ మొహమే.