సమస్యాపూరణం: "మనసు మాట వినిన మచ్చ మిగులు"

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. మనసు మాట వింటే మేలు జరగాలి గాని మచ్చెందుకు మిగులుతుంది? మా వీధి కుర్రకారంతా చేతుల మీదా మెడల మీదా పచ్చబొట్లు పొడిపించుకు తిరుగుతున్నారు, ఆ ఊపులో పుట్టిందిది. ఆ దారే పట్టాలని లేదు, పడితే అందం.

గుణుపురం అక్కయ్య:

అమ్మ చేతి మీది యాకుపచ్చని బొట్టు
కాటిదాక వచ్చు కరగకుండ;
అదియె వలయు ననుచు నాత్మ చెప్పెను నాకు;
మనసు మాట వినిన మచ్చ మిగులు!

నిర్వాహకుడు: బాగుందమ్మా. మచ్చని నింద కాకుండా బొట్టు చేసేశారు, ముడి అక్కడే విడిపోయింది. 'ఆకుపచ్చని' కూడా ఊరికే పడలేదు. దీపం మసితో పొడిచినా పచ్చగా కనబడేది, అది పైచర్మం కింది పొరలో కూర్చోబట్టే. 'కరగకుండ' దగ్గర మాత్రం ఆగాను. ముసలి చేతుల మీద గీత కరగదు నిజమే, అలుక్కుపోతుంది. తులసికోట అని పొడిచింది చివరికి మరకలా ఉంటుంది.

రాయగడ టీచరమ్మ: నాదొక పేచీ మాష్టారూ. మా మామ్మకి పొడిచినప్పుడు పసిపిల్ల. ఇద్దరు గట్టిగా పట్టుకుంటే ఒకరు పొడిచారట. ఆవిడ మనసెవరడిగారు? సంతలో సవర ముసలమ్మల నుదుటి మీది గీత చూసినా నాకదే అనిపిస్తుంది.

గుణుపురం అక్కయ్య: అందుకే 'చెప్పెను నాకు' అన్నాను టీచరమ్మా. వాళ్ళనెవరూ అడగలేదు, నన్ను నా మనసే అడిగింది. టాటూ షాపులో గులాబీలూ సీతాకోకచిలుకలూ ఉన్న పుస్తకం ఎంత తిప్పినా ఏదీ నాది అనిపించలేదు. అమ్మ చుక్కలు గుర్తొచ్చాయి, పుస్తకం మూసేశాను.

బరంపురం తమ్ముడు (బ్లడ్ బ్యాంకు ఉద్యోగి):

సూది పొట్లమెదుట చూపి విప్పక యున్న
లేచి రమ్ము, తప్పు లేదు సుమ్ము;
తోడు వచ్చి యచట తొందరించెడివారి
మనసు మాట వినిన మచ్చ మిగులు.

ఒకరికి వాడిన సూదితో హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు. అందుకే కొత్తగా టాటూ వేయించుకున్నవాళ్ళ దగ్గర 12 నెలలదాకా రక్తం తీసుకోం.

నిర్వాహకుడు: మూడో పాదం చివర 'వారి' అని తెచ్చి అతికించాడు చూశారా, మనసే ఎవరిదో అయిపోయింది! పూరణంటే ఇదండీ. కుర్చీలో కూర్చున్నాక కడుపులో తిప్పితే పిరికితనం అనుకుంటారు కుర్రాళ్ళు. నిజానికి కళ్ళు అప్పటికే ఏదో చూసే ఉంటాయి: గ్లవుజులు మార్చకుండా ఫోనెత్తడమో, ముందువాడికి వాడిన సిరా గిన్నెలోనే మళ్ళీ ముంచడమో. పక్కనోడేమో "అడ్వాన్సిచ్చేశాం కదరా" అంటాడు. సూ–చూ యతి చెల్లుతుంది, ఎవరూ అడగక్కర్లేదు.

జయపురం కుర్రాడు:

దండు లోన చేర దలచిన కుర్రాడు
రొమ్ము మీద పులిని పొడుచుకొనగ
వద్దు పొమ్మనిరట వైద్యపరీక్షలో;
మనసు మాట వినిన మచ్చ మిగులు.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి పోయింది నాయనా, రొ–పొ కుదరవు. పులిని కిందికి దించు: "పొట్ట మీద పులిని పొడుచుకొనగ". అర్థం చెడదు, సైన్యానికి రొమ్మయినా పొట్టయినా ఒకటే. మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక, అంతవరకే ఒప్పుకుంటారు. ఆచారం కొద్దీ పొడిపించుకునే గిరిజనులకి మినహాయింపుంది.

జయపురం కుర్రాడు: పులి మా అన్నది మాష్టారూ, పొట్ట మీదికి దించితే ఊరుకోడు.

రాయగడ టీచరమ్మ: యతి సరే, వాడు మనసు మాట విన్నాడని పద్యంలో ఎక్కడుంది?

జయపురం కుర్రాడు: ముందురోజు రాత్రంతా నిద్రపట్టలేదన్నాడు టీచర్. పొద్దున్నే స్నేహితులొచ్చి బండెక్కించుకుపోయారు.

నిర్వాహకుడు: అయితే వినలేదన్నమాట! రొమ్మూ పొట్టా వదిలెయ్, ఆ నిద్రపట్టని రాత్రి మీద ఇంకోటి రాసి పంపు. యతి చూసుకో.