బేస్‌మెంట్‌లో నల్లమట్టి నింపొచ్చా? గుంటూరు వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. గుంటూరు శివార్లలో, అమరావతి రోడ్డు వైపు, మా ఆయనా నేనూ ఇల్లు కట్టించుకుంటున్నాం. మెటీరియల్ మేమే కొంటున్నాం, మేస్త్రీకి లేబర్ కాంట్రాక్ట్ ఒక్కటే. ఫుటింగులు (స్తంభాల కింది పునాదులు), ప్లింత్ బీములు (గోడల కింద వచ్చే కాంక్రీటు దూలాలు) అయ్యాయి. ఇక బేస్‌మెంట్, అంటే ఆ బీముల మధ్య గచ్చు కింద ఉండే ఖాళీ, నింపాలి.

గుంతలు తవ్వినప్పుడు వచ్చిన నల్లరేగడే పోసేద్దాం, ఖర్చు కలిసొస్తుందంటాడు మేస్త్రీ. నాకు మనసొప్పడం లేదు. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మా స్థలంలోనే మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలు చూశాను. మా వీధిలో ఒకరింట్లో హాలు మధ్యలో టైల్స్ లేచిపోయాయి, కాలేస్తే డొల్లగా చప్పుడొస్తోంది. గ్రావెల్ (మొరం మట్టి) తోలించి, 6 నుంచి 9 అంగుళాలకో వరస చొప్పున నీళ్లు కొట్టి దిమ్మిస వేయించాలని నా పట్టు. మా ఆయనేమో కింద సగం నల్లమట్టి, పైన గ్రావెల్ చాలంటున్నారు.

అలా సగం సగం చేసినవాళ్లెవరైనా ఉన్నారా? రెండు మూడు వానాకాలాలు గడిచాక ఫ్లోరింగ్ ఎలా ఉంది? గ్రావెల్ మీద ఇసుక కూడా పోయించాలా? ఇంకోటి, గోడల పక్కన నీళ్లు దిగకుండా ఇంటి చుట్టూ చప్టా ఇప్పుడే వేయించాలా, చివర్లోనా? సోమవారం ట్రాక్టర్లకు చెప్పాలి. ఈలోపు మీ అనుభవం రాయండి, ప్లీజ్.