యోగాభ్యాసం మెదడు నిర్మాణాన్ని మారుస్తుందా?

జిజ్ఞాసి:
మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు దాటాయి, ఈమధ్య తెలిసినవారి పేర్లు మరిచిపోతున్నారు. యోగా చేస్తే వయసుతోపాటు మెదడు కుంచించుకుపోవడం ఆగుతుందని, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ పెరుగుతుందని చాలామంది చెబుతున్నారు. ఆ మాటకు స్కాన్లలో నిజంగా ఆధారం ఉందా?

అభ్యాసి:
ఉందండీ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2014లో ప్రచురించిన పరిశీలనలో, దీర్ఘకాలంగా యోగా చేస్తున్నవారు చన్నీటి వల్ల కలిగే నొప్పిని ఇతరులకంటే రెట్టింపుకు పైగా సమయం ఓర్చుకున్నారు. దేహంలోని స్పందనలను గ్రహించే ఇన్సులా భాగంలో వారికి గ్రే మ్యాటర్ (నాడీకణాలు దట్టంగా ఉండే మెదడు పదార్థం) ఎక్కువగా ఉండడమే కాక, అభ్యాసం చేసిన ఏళ్లు పెరిగేకొద్దీ అది పెరుగుతూ కనిపించింది. బ్రెజిల్‌లో కనీసం ఎనిమిదేళ్లు హఠయోగం చేసిన 21 మంది వృద్ధ మహిళలకు ప్రీఫ్రంటల్ కార్టెక్స్ (నుదుటి వెనుక ఉండే మెదడు పైపొర) మందంగా ఉందని 2017లో తేలింది. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులైతే ఆరు నెలల యోగా తర్వాత వృద్ధులలో హిప్పోక్యాంపస్ పెరిగిందని 2013లోనే ప్రచురించారు.

పరిశీలకురాలు:
అభ్యాసి గారూ, మీరు చెప్పిన మొదటి రెండూ ఒక్కసారి తీసిన స్కాన్లను పక్కపక్కన పెట్టి పోల్చినవి. వయసూ చదువూ సరిపోయేవారినే ఎంచుకున్నా, ఇన్సులా మొదటినుంచీ పెద్దదిగా ఉండి తమ శ్వాసను సులువుగా గమనించగలిగినవారే యోగాలో నిలిచారేమో అన్న సందేహం తీరదు. మూడోదానిలో పాల్గొన్నది ఏడుగురే. పోల్చి చూడడానికి యోగా చేయని బృందం లేదు.

ఎవరూ పెద్దగా ప్రస్తావించని సంగతి మరొకటి ఉంది. ఎమ్మారై యంత్రంలో నిర్మాణ చిత్రం తయారయ్యేంతవరకు మనిషి కొన్ని నిమిషాలపాటు ఆ హోరులో వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. సుమారు ఒక మిల్లీమీటరు గడులతో ఏర్పడే ఆ చిత్రం తల కాస్త కదిలినా మసకబారుతుంది. అలాంటప్పుడు కార్టెక్స్ ఉన్నదానికంటే పలచగా లెక్కకు వస్తుందని 2015లో ఒక అధ్యయనం చూపింది. శవాసనంలో ఏళ్ల తరబడి నిశ్చలంగా పడుకున్న వ్యక్తికీ, ఆ అలవాటు లేని వ్యక్తికీ మధ్య కనిపించే తేడాలో కొంత మెదడుది కాక ఆ నిశ్చలత్వానిదే అయి ఉండవచ్చు.

అందుకే నేను లాటరీ పద్ధతిలో బృందాలుగా విభజించిన పరిశోధనలకే ఎక్కువ విలువ ఇస్తాను. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన, 218 మంది పాల్గొన్న అధ్యయనంలో, యోగాసనాలు కూడా కలిసి ఉన్న ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ప్రస్తుత క్షణంపై ధ్యాస నిలిపే ధ్యానం) శిక్షణ వల్ల మెదడు నిర్మాణంలో మార్పేమీ కనిపించలేదు.

అభ్యాసి:
ఏడుగురి విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ నేను మాట్లాడుతున్నది ఎనిమిదేళ్ల సాధన గురించి, మీరు చూపుతున్నది ఎనిమిది వారాలు. పైగా ఆ శిక్షణలో ప్రధానమైనది ధ్యానం. ఆసనాలు అందులో ఒక భాగం మాత్రమే. అందులో మార్పు కనబడనంత మాత్రాన యోగాకు ఆ శక్తి లేదని తీర్పు చెప్పలేము కదా.

పరిశీలకురాలు:
నేను లేదనడం లేదండీ, రుజువైందన్న మాటనే కాదంటున్నాను. ఆ తేడా జిజ్ఞాసి గారి ఇంట్లో చాలా పెద్దది.

2011లో ప్రచురితమైన అధ్యయనంలో 120 మంది వృద్ధులను రెండు బృందాలుగా చేస్తే, ఏడాదిపాటు చురుకుగా నడిచినవారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. కండరాల వ్యాయామాలతోపాటు కొన్ని యోగాసనాలు కూడా చేసిన పోలిక బృందానికి అది సుమారు 1.4 శాతం తగ్గింది. ఆ కొద్దిపాటి ఆసనాలను బట్టి యోగాను తప్పుపట్టడం అన్యాయమే, అయినా నడకకు ఉన్నపాటి ఆధారం యోగాకు ఇంకా రాలేదు.

జిజ్ఞాసి గారూ, అమ్మగారికి ఇష్టమైతే యోగా తప్పక చేయించండి, నడవగలిగితే నడిపించండి. అయితే మతిమరుపుకు బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, కుంగుబాటు, వాడుతున్న మందులు కూడా కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఆసనాలు ఫలిస్తాయేమో చూద్దామని నెలలు గడపకుండా, ముందు వైద్యుల చేత పరీక్ష చేయించండి.