అమ్మకానికి పెట్టిన ఇంటిని చూసివెళ్ళినవాళ్ళ మాటలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – కర్నూలు ఇంటి యజమాని

కర్నూలులో మా నాన్నగారు 1996లో కట్టించిన ఇంటిని అమ్మకానికి పెట్టాము. స్థలం 3.5 సెంట్లు, తూర్పు ముఖం, కింద రెండు పడకగదులు, మేడ మీద ఒక గది, నేలంతా బేతంచెర్ల బండలు. ధర 60 లక్షలు చెబుతున్నాము. నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఆమెను నా దగ్గరికి తీసుకువెళ్ళాలన్నదే అమ్మకానికి కారణం.

చూడడానికి వచ్చేవాళ్ళకు కొదవ లేదు కానీ, వాళ్ళు చెప్పి వెళ్ళే మాటలే మాకు అంతుపట్టడం లేదు. ఒక కుటుంబం వచ్చి ఇల్లు తమకు మరీ పెద్దదన్నారు. ఆ తరువాత వచ్చినవాళ్ళు అవే గదులను చూసి ఇరుకన్నారు. ఇంకొకాయన గాలి రాదన్నారు, ఆ మాట అంటున్నప్పుడే కిటికీ పరదాలు ఎగురుతున్నాయి. ఒక పెద్దాయన లోపలి గదులను చూడనే లేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి, వెనక గోడను నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా అరచేత్తో తడిమి, గోటితో సున్నాన్ని కొంచెం గీకి, "సరే, ఫోన్ చేస్తాము" అని చెప్పి వెళ్ళిపోయారు. ఒకావిడ మా అమ్మను ఆడపిల్లలు ఎంతమంది, ఎక్కడ ఇచ్చారు, అల్లుళ్ళు ఏం చేస్తారు అని అడిగారు. ఇల్లు కొనడానికి వచ్చారా, సంబంధం చూడడానికి వచ్చారా అని అమ్మ నొచ్చుకుంది. మరొకరు రిజిస్ట్రేషన్ ఎంతకు చేయిస్తారని అడిగి, మొత్తం ధరకే చేయిస్తామని చెప్పగానే మాట మార్చేశారు.

మధ్యవర్తిని అడిగితే ప్రతిసారీ ఒకటే జవాబు: రేటు తగ్గించండి. బండలు తీసేసి టైల్స్ వేయిస్తే మేలని మా తమ్ముడు అంటున్నాడు. ఈ మాటల్లో వేటిని పట్టించుకోవాలో, వేటిని వదిలేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – దస్తావేజు లేఖరి, కర్నూలు

మీకు విచిత్రంగా తోచిన రెండు సంఘటనలే నిజానికి అన్నిటికంటే సూటిగా ఉన్నాయి. గోడ తడిమిన పెద్దాయన 2009 అక్టోబరు నాటి వరద గుర్తు కోసం వెతికారు. తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్ళోకి నీళ్ళు వచ్చిన ఆ రోజులు ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అంతకుముందు కట్టిన ఇంటిని కొనదలచిన స్థానికుడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో తెలుసుకోకుండా బేరానికి దిగడు. అయితే ఆ ప్రశ్నను యజమానిని అడిగితే నిజం చెబుతారన్న నమ్మకం ఉండదు కాబట్టి గోడనే అడుగుతాడు. నీళ్ళు నిలిచిన గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ మట్టం దగ్గర ఉప్పు తేలి, పొరలు పొరలుగా రాలుతూ ఉంటుంది. మీ ఇంట్లోకి నీళ్ళు వచ్చి ఉంటే ఎంత ఎత్తు వచ్చాయో, ఆ తరువాత ఏమేమి బాగుచేయించారో వచ్చినవాళ్ళు అడగకముందే చెప్పండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు. మామూలు జాగ్రత్తతో కొనుగోలుదారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే అమ్మేవారే తెలియజేయాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్‌లో ఉంది.

ఇక అమ్మగారిని ఆడపిల్లల గురించి అడిగినావిడ మీ ఆస్తి హక్కు గురించి అడిగారు. నాన్నగారు సొంత సంపాదనతో కొని, వీలునామా రాయకుండా కాలం చేసి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు వస్తాయి. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే అందులో ఆడపిల్లలకూ హక్కు కల్పించిన సవరణలను, అంటే 1985 సెప్టెంబరు నుంచి అమలైన మన రాష్ట్ర సవరణను, ఆపైన 2005 నాటి కేంద్ర సవరణను చూడవలసి ఉంటుంది. ఏ దారిన వెళ్ళినా ఆడపిల్లల సంతకం లేకుండా రాసిన అమ్మకపు దస్తావేజును కొనేవాళ్ళూ ఒప్పుకోరు, వాళ్ళకు అప్పిచ్చే బ్యాంకూ ఒప్పుకోదు. "ఆడపిల్లలు ఎంతమంది" అన్న ప్రశ్నకు "ఇద్దరు, ఇద్దరూ వచ్చి సంతకం పెడతారు" అని అమ్మగారు అక్కడే చెప్పి ఉంటే ఆ సంభాషణ మరో రకంగా సాగేది. మూల దస్తావేజు, లింకు దస్తావేజులు (ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటివి), 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ప్లాన్ అనుమతి, ఇంటి పన్ను రసీదు – వీటి నకళ్ళను ఒక ఫైలులో పెట్టి ఇంట్లోనే ఉంచండి. మేడ మీది గది అనుమతి పొందిన ప్లాన్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. చాలా బేరాలు అడ్వాన్సు దాకా వచ్చి అక్కడే ఆగిపోతాయి.

జవాబు – ఈ మధ్య ఇల్లు కొన్న గృహిణి, కడప

నేను కొనేవాళ్ళ వైపు నుంచి చెబుతాను. వాస్తు కుదరలేదనో, రేటు అందుబాటులో లేదనో ఇంటావిడ ముందు, అందునా భర్తను పోగొట్టుకున్న పెద్దావిడ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన తరువాత, ఎవరూ ముఖం మీద చెప్పలేరు. అటువంటప్పుడు నోటికి వచ్చే మాటలే "పెద్దది", "ఇరుకు", "గాలి లేదు", "ఇంట్లో మాట్లాడి చెబుతాము" అన్నవి. నేను కూడా ఒక ఇంట్లో వంటగది చీకటిగా ఉందని చెప్పి వచ్చేశాను. అసలు కారణమేమిటంటే ఇల్లు చూస్తున్నంతసేపూ యజమాని మా వెనకే నడుస్తూ ఒక్కో గదికీ ఎంత ఖర్చయిందో చెబుతూ ఉన్నారు. మేము, మా అత్తగారు ఒక్క మాట కూడా విడిగా అనుకోవడానికి వీలు చిక్కలేదు.

మీకు పొంతన లేనివిగా కనిపిస్తున్న మొదటి రెండు మాటలు ఒకచోటికే వస్తాయని నా అభిప్రాయం. లెక్క చూడండి. 30 లక్షలకు పైన 75 లక్షల లోపు గృహరుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి బ్యాంకులు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. 60 లక్షల ఇంటికి 12 లక్షలు చేతిలో ఉండాలి. ఆపైన స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి మరో 4.5 లక్షలు అవుతుంది, దానికి బ్యాంకు అప్పు రాదు. అంటే 16.5 లక్షలు నగానట్రా అమ్మో, చిట్టీ ఎత్తో కూడబెట్టినవాళ్ళే మీ గడప తొక్కాలి. బ్యాంకు పంపిన ఇంజనీరు పాత కట్టడానికి విలువ తగ్గించి వేస్తే ఆ మొత్తం ఇంకా పెరుగుతుంది. ఈ డబ్బు సరిపోనివాళ్ళకు మీ ఇల్లు "పెద్దది". సరిపోయేవాళ్ళు అదే ధరకు కొత్త ఇళ్ళను చూసి వచ్చి ఉంటారు కాబట్టి వాళ్ళకు "ఇరుకు".

అయినా ఈ మాటల ఆధారంగా వెంటనే ధర తగ్గించమని నేను అనను. వచ్చిన మనిషి నోటితో ఏమన్నాడన్నది పక్కన పెట్టి, ఏం చేశాడో గమనించమని మీ తమ్ముడికి చెప్పండి. అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయినవాళ్ళు ధర, దిక్కు సరిగా తెలియకుండా మధ్యవర్తి తీసుకొచ్చినవాళ్ళు. వాళ్ళ మాటకు విలువ ఇవ్వనవసరం లేదు. మంచం ఎక్కడ పడుతుంది, బండి ఎక్కడ పెట్టాలి, మోటారు ఎన్ని గంటలకు వేస్తారు అని అడిగినవాళ్ళు ఆ ఇంట్లో తమను ఊహించుకున్నవాళ్ళు; వంకలు పెట్టేది కూడా వీళ్ళే. రెండోసారి పెద్దవాళ్ళతో వచ్చి ఆ తరువాత మాయమైనవాళ్ళు ఉంటే మాత్రం వాళ్ళను వదలకుండా కారణం కనుక్కోవాలి.

జవాబు – విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

కడప సోదరి చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే, టైల్స్ విషయంలో ఒక మాట చెప్పదలచుకున్నాను. దయచేసి ఆ పని చేయకండి. పాతికేళ్ళు దాటిన బేతంచెర్ల బండ బాగా నునుపు తేలి, ఎండాకాలం పాదానికి చల్లగా ఉంటుంది. దాన్ని పెకలించి వేసిన టైల్స్ రంగు వచ్చేవాళ్ళకు నచ్చకపోతే మీ ఖర్చూ దండగ, వాళ్ళకు అనుమానం అదనం. అమ్మకానికి ముందు హడావుడిగా వేసిన కొత్త నేలను, కొత్త రంగును చూస్తే కింద ఏదో దాచారనే ఎవరికైనా అనిపిస్తుంది. పైగా మీ ఊళ్ళో 2009 ఉండనే ఉంది. మా దగ్గరైతే వచ్చినవాళ్ళు ముందుగా బోరు దగ్గరికే వెళ్ళి, మోటారు వేయించి, నీళ్ళు ఎంతసేపు ఆగకుండా వస్తాయో చూసిన తరువాతే ఇంట్లో అడుగుపెడతారు. కారే కుళాయి, బిగుసుకుపోయిన తలుపు గడియ, వెలగని బల్బు వంటివి బాగుచేయిస్తే చాలు.

వాస్తు మాటలకూ ఇదే వర్తిస్తుంది. మా ఇంటికి వచ్చిన ఒక సిద్ధాంతి మెట్లు కూల్చమన్నారు, ఇంకొక సిద్ధాంతి అవే మెట్లను మెచ్చుకున్నారు. ఎవరి కోసం ఏది మార్చాలన్నా అడ్వాన్సు తీసుకుని, అగ్రిమెంటులో రాసుకున్న తరువాతే మార్చాలి. "ఆషాఢం వెళ్ళనీయండి", "మూఢం పోనీయండి" అన్నవాళ్ళు మాత్రం తప్పించుకుంటున్నారని అనుకోకండి. వాళ్ళలో కొందరు నిజంగానే తిరిగి వస్తారు, మా ఇల్లు కొన్నది అలాంటివారే.

మధ్యవర్తి మాటను ఆయన లాభంతో కలిపి చూడాలి. ధర రెండు లక్షలు తగ్గితే మీకు పోయేది రెండు లక్షలు. నూటికి ఒక రూపాయి చొప్పున కమీషన్ తీసుకునే ఆయనకు పోయేది రెండు వేలు. బేరం త్వరగా తెగడమే ఆయనకు లాభం. అందుకని చూసివెళ్ళినవాళ్ళకు ఇంటి మనుషులు కాకుండా వేరెవరైనా ఫోన్ చేసి, "మీరు తీసుకోనవసరం లేదు, ఎంతకైతే మళ్ళీ వచ్చి చూసేవారో అది మాత్రం చెప్పండి" అని అడిగితే మంచిది. జవాబులన్నీ ఒక అంకె దగ్గర గుమిగూడితే అప్పుడు ధర గురించి ఆలోచించవచ్చు.

రిజిస్ట్రేషన్ ఎంతకు అని అడిగినాయన దస్తావేజులో ధర తక్కువ చూపి, మిగతాది నగదుగా ఇవ్వాలనుకుని ఉంటారు; పోతే పోనీయండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది, తీసుకున్నవాళ్ళకు అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. 50 లక్షలు, ఆపైన ధర పలికితే కొనేవారు 1 శాతం పన్ను మినహాయించి కట్టాలి కాబట్టి, మీకు రావలసినదాంట్లో ఆ మేరకు తగ్గుతుందని ముందే తెలుసుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. అమ్మను అడిగాను. 2009లో ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయట. లోపలి గోడలకు మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించారు, పెరటివైపు గోడకు మాత్రం సున్నమే వేశారు. ఆ పెద్దాయన చేయి పెట్టింది సరిగ్గా అక్కడే. ఆ సంగతిని ఇకపై మేమే ముందుగా చెబుతాము, టైల్స్ ఆలోచన విరమించుకున్నాము. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అమ్మకానికి అభ్యంతరం లేదు కానీ, చెల్లెలు కువైట్‌లో ఉంది, ఇప్పట్లో రాలేదు. ఆమె సంతకం సంగతి ఏం చేయాలి?

జవాబు – దస్తావేజు లేఖరి, కర్నూలు

ఆమె అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, అధికారి ఎదుట సంతకం పెట్టి, మీ తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ పంపితే సరిపోతుంది. అందులో ఇంటి నంబరు, నాలుగు హద్దులు, అమ్మకపు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించే అధికారం, సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి అన్నవి విడివిడిగా రాయించండి. "అన్ని వ్యవహారాలూ చూసుకోవడానికి" అని ఒక్క ముక్కలో రాస్తే కొనేవాళ్ళ వకీలు ఒప్పుకోరు. ఆ కాగితం మన దేశానికి చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, అందుకని అది వచ్చిన కవరును తేదీ ముద్రతో సహా ఫైలులోనే ఉంచండి.