ఇంటర్వ్యూ అయ్యాక ఎండీ సీటు ఖాయం చేసేదెవరు? (అమెరికా)

న్యూజెర్సీ_నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది ఎండీకి (ఇక్కడ ఇది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) అప్లై చేసింది. ఎంక్యాట్ (ప్రవేశ పరీక్ష) స్కోరు 514, కాలేజీ గ్రేడ్ల సగటు జీపీఏ 3.8. మూడు ఇంటర్వ్యూలయ్యాయి. ఒకచోట వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు, మిగతా రెండుచోట్ల ఏడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. ఒక ఇంటర్వ్యూయర్ చివర్లో "ఆగస్టులో కలుద్దాం" (అంటే క్లాసులు మొదలయ్యేటప్పుడు) అన్నారట, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే ఆశ. హైదరాబాద్‌లో మావాళ్లకి నీట్ ర్యాంకు, కౌన్సెలింగ్ తప్ప ఇంకో పద్ధతి తెలీదు. ఇంటర్వ్యూకి ఇన్ని మార్కులని ఉంటాయా? సీటు ఎవరి చేతిలో ఉంటుంది? ఇప్పుడు మేం చేయగలిగిందేమైనా ఉందా?

అడ్మిషన్స్_ఫ్యాకల్టీ:
ఇంటర్వ్యూయర్ చేతిలో సీటు ఉండదండి, అందుకని "ఆగస్టులో కలుద్దాం" అన్న మాట మీద లెక్కలు వేసుకోకండి. ఎండీ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఎల్‌సీఎంఈ నిబంధన ప్రకారం ఆఖరి నిర్ణయం అడ్మిషన్స్ కమిటీదే. ఓటేసేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాకల్టీ అయి ఉండాలి. రాజకీయ ఒత్తిడికీ, డబ్బుకీ అక్కడ చోటుండకూడదు. ఎవరినైనా పట్టుకుని ఫోన్ చేయిద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి, అమ్మాయికే చెడ్డపేరు.

జరిగేది ఇది. ఇంటర్వ్యూయర్ స్కోరూ, రాతపూర్వక రిపోర్టూ ఇస్తారు. చాలాచోట్ల ఒక సభ్యుడు ఫైలంతా చదివి, కొద్ది నిమిషాల్లో కమిటీ ముందు పెడతారు: మార్కులు, ఎస్సేలు, సిఫార్సు లేఖలు, క్లినికల్ అనుభవం, ఇంటర్వ్యూ రిపోర్టు. ప్రశ్నలయ్యాక ఓటింగ్. కొన్నిచోట్ల 1 నుంచి 5 దాకా అంకెలు వేసి సగటు తీస్తారు, కొన్నిచోట్ల తీసుకుందాం, ఆపుదాం, వద్దు అని మూడు కుప్పలు చేస్తారు. ఇంటర్వ్యూకి ఇంత శాతం అని అన్ని స్కూళ్లకూ వర్తించే లెక్కేదీ లేదు. ఇంటర్వ్యూ దాకా వచ్చారు కదా, ఇక పాత మార్కులు చూడరనుకోవడం మాత్రం పొరపాటు. చాలా స్కూళ్లలో ఓటు మొత్తం ఫైలు మీదే పడుతుంది.

రిపోర్టులో ఏముందన్నదే అసలు విషయం. "మంచి అమ్మాయి, చక్కగా మాట్లాడింది" అని రాస్తే, ఫైలు చదివే సభ్యుడికి వాదించడానికి ఏమీ దొరకదు. "క్లినిక్‌లో పేషెంటు భాష రానప్పుడు, ఇంట్లోవాళ్లతో అనువాదం చేయించకుండా ఇంటర్‌ప్రెటర్ వచ్చేదాకా ఎందుకు ఆగిందో చెప్పింది" అని ఉంటే ఆ ఒక్క వాక్యమే ఫైలును నిలబెడుతుంది. ఎంఎంఐ పద్ధతిలో, అంటే వరుసగా కొన్ని స్టేషన్లలో చిన్న చిన్న ఇంటర్వ్యూలు జరిగేచోట, స్టేషన్‌కో పరిశీలకుడు ఉంటాడు కాబట్టి ఒకచోట తడబడితే సగటులో కలిసిపోతుంది. కానీ ఫ్రంట్ డెస్క్ సిబ్బందితో దురుసుగా మాట్లాడినట్టు ఒక్క నోటు చేరితే 520 స్కోరు కూడా కాపాడలేదు.

ప్రీమెడ్_అడ్వైజర్:
ఏడు వారాల మౌనం గురించి నేను చెప్తాను. ఎర్లీ డెసిషన్ వాళ్లను (ముందుగా ఒకే స్కూలుకి అప్లై చేసేవాళ్లను) మినహాయిస్తే ఎండీ ఆఫర్లు అక్టోబరు 15 నుంచి మొదలవుతాయి. కమిటీ విడతలవారీగా కూర్చుంటుంది. బాగున్నా మొదటి విడతలో గట్టెక్కని ఫైలును పక్కన పెట్టి, తర్వాత వచ్చినవాటితో పోల్చి మళ్లీ తీస్తారు. కాబట్టి జవాబు రాకపోతే కాదన్నట్టు కాదు.

ఇంకో లెక్క ఉంది. ఒక విద్యార్థి చేతిలో రెండు మూడు ఆఫర్లుంటాయి, చేరేది ఒక్కచోటే. అందుకే 150 సీట్ల స్కూలు 150 మందికే ఆఫరిస్తే క్లాసు నిండదు, ఎక్కువ ఇస్తుంది. మరీ ఎక్కువిస్తే కూర్చోబెట్టే చోటుండదు. ఆ భయంతోనే కొంతమందిని వెయిట్‌లిస్ట్‌లో ఉంచుతారు. ఏప్రిల్ 30 నాటికి ప్రతి విద్యార్థీ ఒక్క స్కూలు ఆఫరే ఉంచుకోవాలి. ఆ రోజు చుట్టుపక్కలే లిస్టు బాగా కదులుతుంది, తర్వాత కాస్త కాస్తగా క్లాసులు మొదలయ్యేదాకా. అన్ని లిస్టులకూ నంబర్లుండవు. గ్రామీణ వైద్యం ట్రాక్‌లో సీటు ఖాళీ అయితే ఆ ట్రాక్‌కి సరిపోయేవాళ్లనే పిలవచ్చు.

టెక్సస్ పద్ధతి వేరు. అక్కడి స్కూళ్లలో చాలావాటికి టీఎండీఎస్ఏఎస్ అనే సొంత దరఖాస్తు, స్థానికులకు మ్యాచ్ (విద్యార్థి ఇష్టాల వరుసనీ స్కూలు వరుసనీ జతచేసి సీటు ఇవ్వడం) ఉంటాయి. ఆ తేదీలు చూసి ఇక్కడ కంగారుపడకండి.

న్యూజెర్సీ_నాన్న:
చాలా ధన్యవాదాలండి. వెయిట్‌లిస్ట్ స్కూలుకి ఉత్తరం రాస్తే ఉపయోగముంటుందా?

ప్రీమెడ్_అడ్వైజర్:
ముందు ఆ స్కూలు పోర్టల్ చదవండి. "అప్‌డేట్లు తీసుకోం" అని రాసి ఉంటే పంపవద్దు, మాట వినలేదని గుర్తుపెట్టుకుంటారు. తీసుకుంటామంటే ఒక్క పేజీ. మొదటి పేరాలో కొత్త సంగతి: వచ్చిన గ్రేడ్లు, అచ్చయిన పేపరు, ఎక్కడ ఎన్ని గంటలు పనిచేసింది. రెండోదాంట్లో ఆ స్కూల్లోనే ఉన్న ఒక కార్యక్రమం పేరు, దానికీ ఈమె పనికీ ఉన్న సంబంధం. దరఖాస్తులో ఉన్నదే మళ్లీ రాయొద్దు. "సీటిస్తే తప్పకుండా చేరతాను" అన్న మాట ఒకే ఒక్క స్కూలుకి, నిజమైతేనే రాయాలి. రాసేది అమ్మాయే కావాలి, మీరు కాదు.

అడ్మిషన్స్_ఫ్యాకల్టీ:
ఆఫరొచ్చాక పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి ముందే చెప్తున్నా. ఏఏఎంసీ (అమెరికా వైద్య కళాశాలల సంఘం) ఆన్‌లైన్ టూల్లో రెండు బటన్లుంటాయి. "ప్లాన్ టు ఎన్‌రోల్" ఎంచుకుంటే మిగతా చోట్ల వెయిట్‌లిస్ట్‌లో కొనసాగవచ్చు. "కమిట్ టు ఎన్‌రోల్" అంటే అన్ని వెయిట్‌లిస్టుల నుంచీ తప్పుకుంటున్నట్టు, ఆ సంగతి మిగతా స్కూళ్లకి అమ్మాయే తెలపాలి. ఆఫర్ కూడా షరతులతో వచ్చేదే: ఆఖరి ట్రాన్‌స్క్రిప్ట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తవ్వాలి. స్కూలు తప్పనిసరి అన్న కోర్సు ఈ వసంతం సెమిస్టర్లో మిగిలి ఉంటే, అడ్మిషన్స్ ఆఫీసుకి చెప్పకుండా డ్రాప్ చేయనివ్వకండి.