లౌరిన్ నడికట్టులో బలం, టార్న్‌కాపెలో అదృశ్యం: ఈ విభజన ఇంకెక్కడ ఉంది?

మధ్యయుగ జర్మన్ వీరగాథలు చదివినవారు సాయం చేయగలరా?

1200 ప్రాంతపు నిబెలుంగెన్‌లీడ్ కావ్యంలో వీరుడు జీగ్‌ఫ్రీడ్ మరుగుజ్జు ఆల్బెరిష్ నుంచి గుంజుకున్న టార్న్‌కాపె (మాయా అంగీ) ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: మనిషిని కనబడనీయదు, పన్నెండుమంది బలం అదనంగా ఇస్తుంది. మహాబలశాలి రాణి బ్రూన్‌హిల్డ్‌తో పోటీలో ఈటె, రాయి, దూకడం మూడూ దానివల్లే నెగ్గుతాడు. ఆమెను పెళ్లాడాలని వచ్చిన రాజు గుంటర్ పైకి అభినయిస్తాడంతే.

13వ శతాబ్దపు లౌరిన్ కావ్యంలో ఈ శక్తులు విడిపోయాయి. మరుగుజ్జు రాజు లౌరిన్‌కి పన్నెండుమంది బలం నడికట్టులో ఉంది, అదృశ్యం మాత్రం టార్న్‌కాపెలో. కాబట్టి కంటికి కనబడనివాడి మీద, అతనితో పోరాడే వీరుడు డీట్రిష్ కత్తి గురి తప్పుతుంది, గాయాలు డీట్రిష్‌కే. డీట్రిష్ గురువు హిల్డెబ్రాండ్ చెప్పినట్టు మల్లయుద్ధానికి దిగి నడికట్టు తెంచాకే లౌరిన్ లొంగుతాడు. యుద్ధతంత్రంగా ఇది ఎంత చక్కటి ఆలోచనో!

నా సందేహాలు రెండు. నడికట్టు తెగినా టార్న్‌కాపె ఉంటే తప్పించుకోవచ్చు కదా, పట్టు వదలకపోవడమే కారణమా? ఇలా బలాన్నీ అదృశ్యాన్నీ వేర్వేరు వస్తువుల్లో పెట్టిన గాథలు డీట్రిష్ కథాచక్రంలో ఇంకేమైనా ఉన్నాయా? కావ్యం పేరుతో పాటు ఏ పాఠాంతరమో, పద్య సంఖ్య ఎంతో చెబితే మూలంలో సరిచూసుకోగలను.