ఎలక్ట్రిక్ సైకిల్‌లో 48 వోల్టుల గేర్డ్ హబ్ మోటార్‌కి ఏ కంట్రోలర్ వేయాలి? కరెంట్ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

పెడల్‌పిచ్చి:
నా ఎలక్ట్రిక్ సైకిల్ వెనక చక్రంలో 48 వోల్టుల, 500 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే, లోపల పళ్లచక్రాలతో ఉండే మోటార్). బ్యాటరీ 13ఎస్ 4పీ (13 సెట్లు సిరీస్‌లో, ఒక్కో సెట్‌లో 4 సెల్స్ పారలల్‌గా) లిథియం అయాన్, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) మీద 20 ఆంప్స్ కంటిన్యూయస్ అని ఉంది. కంట్రోలర్ (బ్యాటరీ కరెంట్‌ని అదుపుగా మోటార్‌కి పంపే పెట్టె) పోయినట్టుంది. థ్రాటిల్ తిప్పితే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతోంది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పితే పట్టి పట్టి తిరుగుతోంది, ముందుకి మాత్రం హాయిగా తిరుగుతోంది.

మూడు చూశాను: 6 మాస్‌ఫెట్‌లది (కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) 15 ఆంప్స్, 9 మాస్‌ఫెట్‌లది 22 ఆంప్స్ సైన్ వేవ్ (మోటార్‌కి కరెంట్‌ని మెత్తటి అలలా ఇచ్చేది), 12 మాస్‌ఫెట్‌లది 30 ఆంప్స్. లేబుల్ మీద వరసగా 350, 500, 1000 వాట్లు అని ఉంది. మోటార్ 500 కాబట్టి మధ్యదే తీసుకోవాలా? కొత్తది తగిలించగానే అదీ పోకుండా ఏం చేయాలి? మల్టీమీటర్ ఉంది, ఆసిల్లోస్కోప్ లేదు.

రాగితీగ:
వాట్ల అంకెని పక్కన పెట్టేయండి, అది అమ్మేవాడి లెక్క. బ్యాటరీ వైపు నుంచి రండి.

13ఎస్ ప్యాక్ ఫుల్ ఛార్జ్‌లో 54.6 వోల్టులు. 48 వోల్టుల కంట్రోలర్లలో సాధారణంగా 63 వోల్టుల కెపాసిటర్ ఉంటుంది, సరిపోతుంది. రేపు 14ఎస్ ప్యాక్ (58.8 వోల్టులు) వేసే ఆలోచన ఉంటే మాత్రం అంచున ఉన్నట్టే. లో వోల్టేజ్ కటాఫ్ (బ్యాటరీ అంతకి దిగితే కంట్రోలర్ ఆగిపోయే వోల్టేజ్) 39-42 వోల్టుల మధ్య ఉండాలి. చవగ్గా వస్తోందని 36 వోల్టులది వేస్తే అది దాదాపు 30 దాకా లాగుతుంది, అంటే ఒక్కో సెల్ 2.3 వోల్టులకి పడిపోతుంది. బీఎంఎస్ ఆపుతుంది కదా అంటారేమో. అది ఆఖరి రక్షణ, రోజూ ఆధారపడేది కాదు.

ఇక ఆంప్స్. లేబుల్ మీద ఉండేది బ్యాటరీ కరెంట్. మోటార్ వైండింగ్‌లో (లోపలి తీగచుట్లలో), కంట్రోలర్ నుంచి వచ్చే మూడు ఫేజ్ వైర్ల గుండా పారేది ఫేజ్ కరెంట్, మామూలు కంట్రోలర్లలో దాని గరిష్ఠం బ్యాటరీ కరెంట్‌కి రెండు రెండున్నర రెట్లు పెడతారు. ఈ రెంటికీ మధ్య లంకె డ్యూటీ, అంటే మాస్‌ఫెట్‌లు ఆన్‌లో ఉండే సమయపు వంతు. స్థూలంగా, ఫేజ్ కరెంట్‌ని డ్యూటీతో గుణిస్తే బ్యాటరీ కరెంట్. గట్టి ఎత్తు మీద నడక వేగంతో పోతున్నప్పుడు డ్యూటీ 20 శాతం అనుకోండి. ఫేజ్‌లో 50 ఆంప్స్ పారుతున్నా వాట్‌మీటర్ 10 ఆంప్సే చూపిస్తుంది. మీటర్ తక్కువే చూపిస్తోంది కదా అని మీరు ఎక్కుతూనే ఉంటారు, లోపల వైండింగ్ ఉడుకుతుంటుంది. గేర్డ్ మోటార్‌లో స్టేటర్ (వైండింగ్ ఉండే కదలని భాగం) వేడి బయటి షెల్‌కి చేరడం కష్టం, పైగా చాలావాటిలో నైలాన్ పళ్లచక్రాలు. అందుకే 30 ఆంప్స్‌ది వద్దు. మోటార్ వెంటనే కాలదు గానీ, ఎత్తు మీద నెమ్మదిగా పోయిన రోజున తేలిపోతుంది.

22 ఆంప్స్ సైన్ వేవ్ తీసుకోవచ్చు, దాన్ని తగ్గించే వీలుంటేనే. అది కేటీ (ఒక కంట్రోలర్ బ్రాండ్) రకమై, కేటీ డిస్‌ప్లేతో వస్తే సీ5 అనే సెట్టింగ్ ఉంటుంది. 10 అంటే పూర్తి కరెంట్, 7 పెడితే 1.2తో భాగించి 18 ఆంప్స్ చుట్టూ ఆపుతుంది. కేటీ డిస్‌ప్లే వేరే కంపెనీ కంట్రోలర్‌తో మాట్లాడదు, రెండూ జతగానే కొనండి.

చైన్‌గార్డ్:
నేనైతే 15 ఆంప్స్‌దే అంటాను. 15ని 48తో గుణించండి, 720 వాట్లు. 500 వాట్ల మోటార్‌కి అదే ఎక్కువ. తగ్గించే సెట్టింగ్ లేని 22 ఆంప్స్‌ది వేస్తే బ్యాటరీ సగానికి దిగాక ఎత్తు మీద బీఎంఎస్ టప్‌మని కట్ చేస్తుంది, కంట్రోలర్ చెడిందనుకుని మళ్లీ వెతుకులాట. 6 మాస్‌ఫెట్‌ల దాంట్లో షంట్ (కరెంట్‌ని కొలిచే చిన్న నిరోధకం) మీద టంకం పోసి ఆంప్స్ పెంచమని ఎవరైనా చెప్తే వినకండి. షంట్ నిరోధం తగ్గితే కంట్రోలర్ కరెంట్‌ని తక్కువగా లెక్కేసుకుంటుంది, మాస్‌ఫెట్‌లకి ఆ సంగతి తెలియదు.

సైన్ వేవ్‌కి ఉన్న అసలు లాభం మోత తగ్గడం. స్క్వేర్ వేవ్‌తో బయల్దేరేటప్పుడు గుర్రుమంటుంది, అంతే.

టంకం:
కొనేలోపు పాతది ఎందుకు పోయిందో తేల్చండి. మోటార్‌లో షార్ట్ ఉంటే కొత్తదీ అదే దారి.

బ్యాటరీ తీసేసి, కంట్రోలర్ బ్యాటరీ వైర్ల మధ్య వోల్టేజ్ 1 కంటే కిందికి పడేదాకా ఆగండి, కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉంటుంది. మూడు ఫేజ్ వైర్లూ ఊడదీసి మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, నల్లది ఒక్కో ఫేజ్ మీద: మూడూ 0.4-0.6 మధ్య, దాదాపు సమానంగా రావాలి. తర్వాత ఎర్రది ఒక్కో ఫేజ్ మీద, నల్లది బ్యాటరీ పాజిటివ్ మీద: అదే రావాలి. ఎక్కడైనా సున్నా దగ్గర చూపి బీప్ కొడితే ఆ మాస్‌ఫెట్ షార్ట్.

ఫేజ్‌లు ఊడదీశాక చక్రాన్ని వెనక్కి తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే తప్పు కంట్రోలర్‌ది. ఇంకా పట్టేస్తే మోటార్ లోపలో, ఇరుసు దగ్గర వైర్ నలిగిన చోటో షార్ట్. గేర్డ్ హబ్‌లో ఫ్రీవీల్ క్లచ్ (ఒకవైపే పట్టుకునే క్లచ్) ఉంటుంది కాబట్టి ముందుకి తిప్పితే మోటార్ కదలదు, ఏ పరీక్షైనా వెనక్కి తిప్పే చేయాలి. ఫేజ్‌కీ ఇరుసుకీ మధ్య ఓమ్స్ చూడండి, కనెక్షనే ఉండకూడదు.

హాల్ సెన్సర్లని (మోటార్ ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేవి) పరీక్షించడానికి మొబైల్ ఛార్జర్ 5 వోల్టులు చాలు. ఎర్ర వైర్‌కి ప్లస్, నలుపుకి మైనస్, మూడు సిగ్నల్ వైర్లలో ఒక్కోదానికీ 5 వోల్టుల నుంచి 4.7 కిలోఓమ్ రెసిస్టర్. చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పుతుంటే ఒక్కో సిగ్నల్ 0కీ 5కీ మధ్య గెంతాలి. 120 డిగ్రీల మోటార్‌లో (హాల్ సిగ్నళ్లు 120 డిగ్రీల తేడాతో వచ్చేది) మూడూ ఒకేసారి 5 గానీ, మూడూ ఒకేసారి 0 గానీ రాకూడదు.

పెడల్‌పిచ్చి:
పసుపు ఫేజ్‌కీ నెగటివ్‌కీ మధ్య బీప్ వచ్చింది, మిగతావి 0.48, 0.49. ఫేజ్‌లు తీశాక చక్రం తేలిగ్గా తిరుగుతోంది. హాల్స్‌లో నీలం ఒక్కటి 5 దగ్గరే నిలిచిపోయింది.

టంకం:
పసుపు వైపు కింది మాస్‌ఫెట్ పోయింది. ఆ షార్ట్ నుంచి పక్క మాస్‌ఫెట్‌ల డయోడ్ల మీదుగా సగం సగం కరెంట్ తిరుగుతుంది, అందుకే ఆ పట్టి పట్టి తిరగడం.

నీలం హాల్‌కి సెన్సర్ మార్చేముందు కనెక్టర్ చూడండి. పిన్ వెనక్కి జరిగితే రెసిస్టర్ వల్ల ఎప్పుడూ 5 చూపిస్తుంది, సెన్సర్ చచ్చినా అంతే. కవర్ తెరవాల్సి వస్తే మూడూ ఒకేసారి మార్చండి, పాతవి ఏ ముఖం బయటికి ఉన్నాయో ఫొటో తీసుకుని.

కొత్త కంట్రోలర్‌కి మొదటిసారి బ్యాటరీ ఇచ్చేటప్పుడు పాజిటివ్ వైర్‌లో ఇంట్లో వాడే 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఫేజ్‌లు తగిలించకండి. అంతా బాగుంటే బల్బు వెలగదు, మహా అయితే ఒక్క క్షణం ఫిలమెంట్ మసగ్గా ఎర్రబడి ఆరుతుంది. ఎర్రగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్, లేదా ప్లస్ మైనస్ తారుమారు. బల్బు ఉండగా మోటార్ తిప్పబోకండి, వోల్టేజ్ పడి కటాఫ్ తగులుతుంది. కంట్రోలర్ అసలు మేలుకోకపోతే సన్నని ఎర్ర వైర్, అంటే ఇగ్నిషన్ వైర్, ప్లస్‌కి వెళ్లిందో లేదో చూడండి.

థ్రాటిల్ సిగ్నల్ వదిలేసినప్పుడు 0.8-0.9, పూర్తిగా తిప్పితే 3.6 పైన ఉండాలి. థ్రాటిల్ నల్ల వైర్ తెగితే సిగ్నల్ 5 వైపు ఎగబాకుతుంది. మంచి కంట్రోలర్ దాన్ని తప్పుగా గుర్తించి ఆగుతుంది, నాసిరకంది పూర్తి వేగంతో దూకుతుంది. కాబట్టి చక్రం గాల్లో ఉండగానే ఆ వైర్ ఊడదీసి చూడండి, బ్రేక్ లివర్ కటాఫ్ కూడా.

పెడల్‌పిచ్చి:
నీలం హాల్ పిన్‌దే తప్పు, కనెక్టర్‌లో వెనక్కి జరిగింది. 15 ఆంప్స్‌ది వేశాను. బల్బు వెలగలేదు, థ్రాటిల్ 0.85 నుంచి 4.1. బల్బు తీసి, రంగుకి రంగు కలిపి ఫేజ్‌లు పెడితే గరగరమని 5 ఆంప్స్ లాగింది. ఫేజ్‌లు మారుస్తూ పోతే ఒక జతలో మోటార్ మెత్తగా, 0.7 ఆంప్స్‌తో తిరుగుతోంది. కానీ చక్రం కదలట్లేదు! క్లచ్ పోయిందా?

రాగితీగ:
క్లచ్ బాగానే ఉంది, మోటార్ వెనక్కి తిరుగుతోంది. వెనక్కి తిరిగితే క్లచ్ పట్టుకోదు, అందుకే మోత వినిపిస్తుంది, చక్రం కదలదు. రంగులకి కంపెనీల మధ్య ఒప్పందమేమీ లేదు. ఫేజ్, హాల్ కలిపి 36 జతల్లో సరిగ్గా నడిచేవి ఆరు: మూడు ముందుకి, మూడు వెనక్కి. ఏవైనా రెండు హాల్ వైర్లు తారుమారు చేసి, ఫేజ్‌లు ఆరు రకాలూ మళ్లీ చూడండి, ఒకటి ముందుకి తిప్పుతుంది. ప్రతిసారీ థ్రాటిల్ కొద్దిగా, రెండు సెకన్లకి మించకుండా. గరగరమన్న జతని అలాగే పట్టుకుని ఉంటే ఈ కంట్రోలర్‌కీ పాతదాని గతే.

చైన్‌గార్డ్:
జత దొరికాక ఫేజ్ బుల్లెట్ కనెక్టర్లు లాగి చూడండి, చేత్తో సులువుగా ఊడితే అక్కడే కాలతాయి. పది నిమిషాలు ఎత్తు మీద నడిపి కంట్రోలర్ పెట్టె పట్టుకోండి. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడెక్కితే లోపల మాస్‌ఫెట్‌లని అల్యూమినియం పట్టీకి బిగించే స్క్రూలు వదులై ఉండొచ్చు. వైర్లు బయటికొచ్చే వైపు కిందికి ఉండేలా బిగించండి, లేకపోతే వాన నీరు వైర్ల వెంట లోపలికే దిగుతుంది.